రెండు తాళాల గది

గంగమణి వచ్చి తాళంచెవిని కుట్టుమిషను మీద పెట్టేసరికి వాజిదా ఒక జాకెట్టు చేతికి అంచు కుడుతోంది. కాలు ఆపి తలెత్తి చూసింది.

“ఏందక్కా, గది తెరవాల్నా? ఎవరింట్ల ఫంక్షను?”

“ఎవరింట్ల లేదు. నీ దగ్గరనే ఉంచు.”

“ఊరికి పోతున్నవా?”

“నేనేడికి పోత! మా కుల సంఘం బిల్డింగుల కొత్త సామాన్లు దించిండ్రు, సూడలేదా? గ్యాసు పొయ్యిలు గూడ తెచ్చిండ్రు. ఇగ మా దిక్కోళ్లకు గవే.”

ఎప్పుడొచ్చినా గంగమణి కిటికీ కింది స్టూలు లాక్కుని కూర్చునేది. ఇవాళ గడప దగ్గరే నిలబడింది.

“మరి గీ గదిల సామాన్లు?”

“భూమి వాళ్లకే ఇచ్చెయ్యి అన్ని. మాకు వాటా వద్దు, ఏమొద్దు. వాళ్లింట్ల పెండ్లి గూడ ఉన్నది గదా. ఉంచుకోమను.”

“నువ్వే అంటున్నవా, ఎవరన్న అనిపిస్తుండ్రా?”

“ఎవ్వరేమంటలేరు వాజిదా. ఎవరివి వాళ్లకుంటే లొల్లి ఉండదు, గంతే.” గంగమణి కొంగు సర్దుకుంది. “మా మనుమరాలి లంగ అయ్యిందా?”

“రేపిస్త.”

“నడుము కాడ జెర వదులు పెట్టు. తిండెక్కువైంది దానికి,” అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

అది పాత నవ్వే. అందుకే వాజిదాకు అప్పటికి తప్పేమీ తోచలేదు. గంగమణి ‘భూమక్క’ అనకుండా ‘భూమి’ అన్నదన్న సంగతి హుక్కులు కుట్టేటప్పుడు గాని తట్టలేదు.

వాజిదా ఇల్లు ఎల్లారెడ్డి రోడ్డు మీద ఉంటుంది. ఇటు పెద్ద గల్లీ, అటు దళితవాడ. నడుమ ఈ ఇల్లు, దాన్ని ఆనుకుని ఆమె భర్త సత్తార్ పంక్చరు దుకాణం. ఇంటి ముందువైపు చిన్న గదిలో ఊరి మహిళా సంఘం వంట సామాన్లు ఉంటాయి. పెళ్లికైనా చావుకైనా ఊరంతటికీ అవే. ఆ గది గొళ్లేనికి రెండు తాళాలు. ఒకదాని చెవి పెద్ద గల్లీ తరఫున గంగమణి దగ్గర, రెండోదాని చెవి వాడ తరఫున భూమక్క దగ్గర. ఇద్దరూ వస్తే తప్ప గది తెరుచుకోదు. గది వాజిదాదే, చెవి మాత్రం ఆమె దగ్గర లేదు. “మా ఇంట్ల మేమే కిరాయికున్నట్టున్నది,” అని సత్తార్ దుబాయిలో పనిచేసిన రోజుల్లో సెలవు మీద వచ్చినప్పుడల్లా నవ్వేవాడు.

ఆ ఏర్పాటుకు ఇరవై ఏళ్లు దాటాయి. పొదుపు సంఘాలు కొత్తగా పెట్టిన రోజులు. అప్పట్లో ఊళ్లో పెళ్లంటే వండే పెద్ద గిన్నెలు, గంజులు, పటేలు ఇంటి నుంచి రావాలి. వాడకు అవి వచ్చేవి కావు. వాడలో ఎవరైనా పెళ్లి చేస్తే కామారెడ్డి నుంచి కిరాయికి తెచ్చుకోవాలి. ఆ మాట సంఘం మీటింగులో వచ్చినప్పుడు, “మనమే కొంటే ఏమైతది? ఒక్కసారి కొంటే మన బిడ్డల కాలం దాక వస్తయి,” అన్నది గంగమణే.

అందరూ ట్రాక్టరు డబ్బాలో కామారెడ్డి వెళ్లారు. భర్తలు లేకుండా అంతమంది ఆడవాళ్లు కలిసి బజారుకు పోవడం అదే మొదలు. దారంతా పాటలే. గిన్నెల దుకాణంలో ఒక్కొక్కరూ గంజును వేళ్లతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటుంటే సేటు తలపట్టుకున్నాడు. “అమ్మా, గంజులు కొంటున్నరా, డోళ్లు కొంటున్నరా?” అన్నాడు. చివరికి బేరం తెగాక, గిన్నెల మీద పేరు చెక్కే అతను మిషను పట్టుకుని ఎవరి పేరు రాయాలని అడిగాడు. ఒకరు దేవుడి పేరన్నారు, ఒకరు సంఘం పేరన్నారు, ఇంకొకరు లీడరు పేరన్నారు. మాటామాటా పెరిగింది.

“ఏం రాయకు బిడ్డా, ఉత్తగనే ఇయ్యి,” అన్నది భూమక్క. “పేరు రాస్తేనే గదా లొల్లి.”

తిరిగి వస్తుంటే తాడ్వాయి దాటాక అసలు చిక్కు మొదలైంది. ఎవరింట్లో పెట్టాలి? పెద్ద గల్లీలో పెడితే వాడ ఆడవాళ్లు గడప దాటి లోపలికి వెళ్లి తెచ్చుకోలేరు. వాడలో పెడితే పెద్ద గల్లీ వాళ్లు రారు. ట్రాక్టరు ఆపి మరీ వాదించుకున్నారు. వాజిదా ఒక మూల గంటెల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కడుపులో జుబేరు, ఏడో నెల.

“ఎందుకే కొట్లాడుతరు? నడుమ తురకోళ్ల ఇల్లున్నది గదా,” అని డ్రైవరు పక్కనుంచి గంగమణి అత్త పెద్దవ్వ అరిచింది. ఆమె సంఘంలో మనిషి కాదు. కోడలు మగతోడు లేకుండా బజారుకు పోవడం ఇష్టం లేక కాపలాగా వచ్చింది.

అందరూ వాజిదా వైపు చూశారు. “పెట్టుకోండ్రి. నాకు మాత్రం తాళం వద్దు. రేపు గంటె పోయిందంటే నా మీదికొస్తది,” అన్నది వాజిదా. అట్లా రెండు తాళాలు పడ్డాయి.

ఆ గంజులకు మొదటి పొయ్యి భూమక్క పెద్ద బిడ్డ పెళ్లి. అంతకు ముందు వాడలో పెళ్లైతే పెద్ద గల్లీ వాళ్లకూ పిలుపు ఉండేది కాని తిండి ఉండేది కాదు. పెళ్లివారు పచ్చి బియ్యం, పప్పు, బెల్లం కట్టి ఇంటింటికీ పంపేవారు. వాళ్లు ఇంట్లో వండుకుని పెళ్లి తిన్నామనేవారు. భూమక్క ఆ ఏడూ మూటలు కట్టి సిద్ధంగా ఉంచింది. బగారన్నం వాజిదాది, కూర భూమక్కది. పప్పుచారు చేసే మనిషి పులుపు పాడుచేస్తోందని, తాళం తీసి గంజుల వెంట వచ్చిన గంగమణి ఆగలేక గంటె లాక్కుంది. కలిపింది, కొత్తిమీర వేసింది, ఇంకోసారి కలిపింది. తర్వాత అలవాటు చొప్పున గంటెలోంచి అరచేతిలో ఇంత పోసుకుని నాలుకకు రాసుకుంది.

పొయ్యి చుట్టూ మాటలు ఆగిపోయాయి. గంగమణికి తాను చేసింది అప్పుడు తెలిసింది. చెయ్యి అట్లాగే గాలిలో ఉంది.

“సరిపోయిందా?” అని అడిగింది భూమక్క, ఏమీ జరగనట్టే.

“ఇంకింత ఉప్పు పడాలె,” అన్నది గంగమణి.

అంతే. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. మధ్యాహ్నం గంగమణి పంక్తిలో కూర్చుంటే ఆమె వెంట పెద్ద గల్లీ నుంచి ఇంకో పదిమంది కూర్చున్నారు. కట్టిన మూటలు విప్పి ఆ బియ్యం కూడా వండాల్సి వచ్చింది.

ఆ తర్వాత గంగమణి ఇంట్లో పుట్టువెంట్రుకలు. గంజులు వాడలో వండినవని, నిప్పులు పోసి కాల్చి కడిగితేనే ఇంట్లోకి రానిస్తానని పెద్దవ్వ గుమ్మంలో కూర్చుంది. వాజిదా నవ్వుతూ అడిగింది: “అవ్వా, మా ఇంట్ల నెల సంది ఉన్నయి. మా ఇంటి వాసనకు గూడ నిప్పులు పోస్తవా? అట్లయితే నన్ను గూడ జెర కాల్చు.”

“నీ నోరు మండ! నువ్వేందే, నువ్వు ఊరి బిడ్డవు.”

“మరి భూమక్క ఏ ఊరామె?”

పెద్దవ్వ నిప్పులు పోయించింది. తిట్టుకుంటూనే తిన్నది. మరుసటి ఏడు నిప్పులు అడగడం మర్చిపోయింది. ఆ పై ఏడు భూమక్క వండిన కూరలో మెత్తటి ముక్కలు తనకు తీసి ఉంచమని కబురు పంపింది.

ఆ రోజులు తలుచుకుంటే వాజిదాకు ఇప్పటికీ చింతపండు, బూడిద వాసన వస్తుంది. ఫంక్షను అయిన మర్నాడు బోరు దగ్గర ముగ్గురూ గంజులు తోమేవారు. పెద్ద గంజులోకి దిగి కూర్చుని తోమితే తప్ప అడుగు వదిలేది కాదు. భూమక్క లోపల కూర్చుని మాట్లాడితే మాట గుండ్రంగా బయటికి వచ్చేది. “బాయిలపడ్డవా భూమక్కా, తాడెయ్యాల్నా?” అని గంగమణి వంగి అడిగేది. పెద్ద గల్లీ ఆడవాళ్లందరినీ పిలిచినట్టే గంగమణినీ పటేలమ్మా అని పిలిచే భూమక్క అప్పటికే ‘గంగమణీ’ అంటోంది. గంగమణి నోట కూడా ‘ఓ భూమీ’ పోయి ‘భూమక్క’ వచ్చింది. ఎప్పుడు మారిందో ఎవరూ చూడలేదు.

మొన్నటి సర్పంచు ఎలక్షన్ల దాకా అంతా అట్లాగే ఉందనుకుంది వాజిదా.

ఒకసారి సర్పంచు సీటు రిజర్వేషన్లో వాడకు వచ్చినప్పుడు భూమక్క మరిది గెలిచాడు. పెద్ద గల్లీ వాళ్లే దండ వేసి ఊరేగించారు. ఈసారి సీటు జనరల్ మహిళకు వచ్చింది. భూమక్క పెద్ద కోడలు సాయిలత డిగ్రీ చదివింది, నిలబడింది. ఎదురుగా గంగమణి తోడికోడలు. సాయిలత గెలిచింది. ఆ సాయంత్రం పెద్ద గల్లీలో ఇళ్ల తలుపులు తొందరగా మూసుకున్నాయి.

“వాళ్ల సీటు వాళ్లకుండంగ మన సీటు గూడ గావాల్నా?” అన్న మాట కిరాణం దుకాణం దగ్గర మొదలై వాజిదా కుట్టుమిషను దాకా వచ్చింది. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు, “మీరెటేసిండ్రే?” అని నవ్వుతూనే అడిగారు. గోడల దగ్గర ఆగిపోయిన కుల సంఘం బిల్డింగు స్లాబు వేసుకుని, రంగులు వేసుకుని లేచి నిలబడింది. కామారెడ్డి నుంచి ఆటోలో కొత్త గంజులు దిగాయి.

గంగమణి వెళ్లాక వాజిదా తాళంచెవి తీసుకుని దుకాణంలోకి వెళ్లింది. సత్తార్ ట్యూబును నీళ్లలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు.

“మంచిగనే అయ్యింది. వాటాలు పంచమంటరేమో, గంజు కోసం గుంజుకుంటరేమో అనుకున్న. వాళ్లే వదిలేసుకున్నరు. మనమీద ఏం పడలే,” అన్నాడు.

వాజిదాకూ అదే అనిపించింది. సామాన్లన్నీ భూమక్కవే. ఆమె చిన్న కొడుకు సిద్దార్థ పెళ్లి ముందర ఇంతకన్నా మంచి కబురేముంటుంది? జాకెట్టు పక్కన పడేసి వాడకు నడిచింది.

భూమక్క వాకిట్లో చాటలో బియ్యం ఏరుతోంది. సిద్దార్థకు కామారెడ్డిలో మోటారుసైకిళ్ల షోరూములో పని. పెళ్లి భిక్నూర్‌లో పిల్ల ఇంటి దగ్గర, మరుసటి రోజు విందు ఇక్కడ.

“భూమక్కా, నీకో ముచ్చట. గదిల సామాన్లన్ని ఇగ నీయే!”

“ఎవరన్నరు?”

“గంగమణక్కనే వచ్చి చెవి ఇచ్చిపోయింది. వాళ్లకు వాటా వద్దట. ఇగ ఎవర్ని పిలిచే పనిలేదు. నువ్వే తెరువు, నువ్వే మూసుకో.”

చాటలో కదులుతున్న వేళ్లు ఆగాయి. వాజిదా తాళంచెవి అందించబోతే భూమక్క చెయ్యి చాటలోంచి తీయలేదు.

“అది నా చేతికియ్యకు వాజిదా.”

“ఎందుకు? ఉత్తగనే ఇస్తుండ్రు గదా.”

“అందుకే. నాడు మీరు ముట్టొద్దని గంజులియ్యలే. నేడు మీరు ముట్టిండ్రని మొత్తం ఇచ్చిండ్రు. తేడా ఏముందే?”

వాజిదాకు ముఖం మీద నీళ్లు కొట్టినట్టయింది. తాను ఎంత సంబరంగా మోసుకొచ్చిందో గుర్తొచ్చి సిగ్గేసింది.

లోపల్నుంచి సాయిలత వచ్చింది. “చూడు వాజిదత్తా, నేను కామారెడ్డిల ఫంక్షన్ హాలు మాట్లాడుదమన్న. అందరొస్తరు, తింటరు, పోతరు. అత్తమ్మ వినలే.”

“హాలుల ఎందుకు తినరు? ఎవడో వండుతడు, ఎవడో వడ్డిస్తడు,” అన్నది భూమక్క. “నా పొయ్యి మీద వండింది తినాలె. పెద్దబిడ్డ పెండ్లిల తినలేదా? నా చిన్న కొడుకు పెండ్లిల ఎందుకు తినరు? గంగమణి వచ్చి తన తాళం తనే తియ్యాలె. నడువు, బొట్టు పెట్టి పిలుద్దాం.”

ఇద్దరూ పెద్ద గల్లీకి వెళ్లేసరికి గంగమణి వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. పెద్దవ్వ వసారాలో మంచం మీద పడుకుని ఉంది. గంగమణి లేచి నిలబడింది, కూర్చోమని అనలేదు. భూమక్క కుంకుమ తీస్తే నుదురు ముందుకు వంచింది. బొట్టు పెట్టించుకుంది.

“బుధవారం విందు. పొద్దుగాలనే వచ్చి గది తెరువు. పప్పుచారు నీదే,” అన్నది భూమక్క.

గంగమణి మిరపకాయల వైపు చూసింది. “తాళం తియ్యనీకి వస్త. గానీ...”

“గానీ?”

“తినుడు అనకు. మాకు బియ్యం, పప్పు కట్టి పంపు. ఇంట్ల వండుకుంటం. తిన్నట్టే అయితది, ఎవరితోని మాట రాదు.”

వాజిదా భూమక్క ముఖంలోకి చూడలేకపోయింది. వసారాలోంచి నవ్వు వినబడింది.

“ఏమే గంగమణీ, పచ్చిబియ్యమా? మా అత్త అడుగుతుండె గట్ల. నేనడిగిన నా కాలంల. నువ్వు అడగలే. గిప్పుడు నాకంటె ముసలిదానివైతివా?”

“నువ్వు ఊకో అత్తమ్మా, నీకేం తెలుసు!” గంగమణి అత్త వైపు తిరిగింది. “మా తోడికోడలు ఇప్పటికి బయట ముఖం చూపెడతలేదు. రేపు నా కొడుకు కుల సంఘంల కూసోవద్దా? నా మనుమరాలి పెండ్లికి నలుగురు రావద్దా? నేనొక్కదాన్ని తింటే నా ఇంటికెవరొస్తరు?”

“నా కోడలు గెలిస్తే నా అన్నం ఏం పాపం చేసింది గంగమణీ?”

“నేననలే ఆ మాట. నువ్వు మనసుల పెట్టుకోకు భూమీ.”

“సరే,” అన్నది భూమక్క. “తినేటట్టుంటే రా. తాళం తీసేతందుకే అయితే రాకు. బియ్యం మూటలు మాత్రం నేను కట్టను.”

ఆమె వెనుదిరిగి గబగబా నడిచింది. వాజిదా తాళంచెవిని గంగమణి చేతిలో పెట్టబోయింది. మిరపకాయలు పట్టిన చేతులని గంగమణి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

“నన్నెవరు పిలువలేదేందే!” అని పెద్దవ్వ మంచం మీంచి కేకేసింది. “నాకు నడువొస్తలేదు గానీ నోరు మంచిగనే ఉన్నది. నాకు పంపుండ్రి. మెత్తటి ముక్కలు!”

బుధవారం పొద్దున గంగమణి రాలేదు. పెద్ద గల్లీ నుంచి ఒకామె మాత్రం వచ్చి, కుట్టడానికిచ్చిన రెండు జాకెట్టు గుడ్డలు కుట్టకుండానే తీసుకుపోయింది. తొందరేమీ లేదట, ఎల్లారెడ్డిలో ఇచ్చుకుంటుందట.

“మొదలైంది,” అన్నాడు సత్తార్. “నువ్వు పొయ్యి కాడికి పోకు. ఏదో జరమొచ్చిందని చెప్పు. మనం ఇద్దరి నడుమ ఉన్నోళ్లం.”

“గంజులు ఇద్దరివైతే నడుమ ఉన్నం. ఇగ దేని నడుమ?” వాజిదా కొంగు నడుముకు చుట్టింది. “వాళ్ల కొలతలు నాకు నోటికొస్తయి. ఎల్లారెడ్డి టైలరు చంకల కాడ బిగుతు పెడితే మళ్ల నా దగ్గరికే వస్తరు.”

గంగమణి లేకుండా గది తెరవనివ్వలేదు భూమక్క. వాజిదా కొడుకు జుబేరు ఎల్లారెడ్డి నుంచి ఆటోలో కిరాయి గంజులు తెచ్చాడు. పలుచటివి, ఒక దాని అడుగు సొట్ట. ఆ గంజులో ఎసరు ఎక్కడిదాకా పోయాలో వాజిదాకు అంతుపట్టలేదు. పాత గంజులో అయితే లోపలి గీత చూసి పోసేది.

“ఎంతమందికి వెయ్యాలె బియ్యం?”

“పెద్దబిడ్డ పెండ్లికి ఎంత వేసినమో అంత.”

“అంతమంది రారు భూమక్కా.”

“వచ్చినంక లేదంటే నాకు నామోషీ. వెయ్యి.”

వాజిదా వేసింది. నూనెలో షాజీర, లవంగాలు వేగుతుంటే ఆమెకు పాత విందులన్నీ వరసగా కళ్లముందుకొచ్చాయి. ఈ పొగలోనే ఆ మూల గంగమణి గంటె పట్టుకుని నిలబడేది. ఉల్లిగడ్డలు కోసేవాళ్ల మీద జోకులేసేది. పొయ్యిలో కట్టెలు ఎక్కువ పెడితే భూమక్క భర్త సిద్దిరాములును, “బావా, విందు వండుతున్నవా, ఊరు తగలబెడుతున్నవా?” అనేది. సిద్దిరాములు ఇవాళ కూడా కట్టెలు ఎక్కువే పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు.

మధ్యాహ్నం వాడంతా తిన్నది. ఊళ్లోని తురక ఇళ్లవాళ్లు వచ్చారు, భిక్నూర్ నుంచి పిల్ల తరఫువాళ్లు వచ్చారు. సిద్దార్థ దోస్తులు పెద్ద గల్లీ పిల్లలు నలుగురైదుగురు బండ్ల మీద వచ్చి తిని, వెంటనే వెళ్లిపోయారు. వాళ్ల తల్లులు ఒక్కరూ రాలేదు. సాయిలత ప్రతి పంక్తి దగ్గరికీ వెళ్లి నవ్వుతూ పలకరించింది. గంజులో సగానికి పైగా అన్నం అట్లాగే ఉంది.

పొద్దు వాలుతున్నా భూమక్క పొయ్యి ఆర్పనివ్వలేదు. తానూ తినలేదు. రోడ్డు కనబడేటట్టు పీట వేసుకుని కూర్చుంది.

“నిప్పు తీసెయ్యనా?” అని సిద్దిరాములు అడిగాడు.

“ఉండనీ. చల్లారితే ఎవరు తింటరు?”

వాజిదా టిఫిన్ క్యారేరులో అన్నం, కూర సర్దింది. కూరలోంచి మెత్తటి ముక్కలు వెతికి పైగిన్నెలో వేసింది. కింది గిన్నె నిండా ఇంకొక మనిషికి సరిపడా పెట్టింది. భూమక్క చూస్తూనే ఉంది.

గంగమణి వసారా స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. వాజిదాను చూసి లేచింది.

“అత్తమ్మ పండుకున్నది.”

“పండుకోలే, పండుకోలే!” అని లోపల్నుంచి పెద్దవ్వ అరిచింది. “ఎవరు, వాజిదనా? తెచ్చినవా?”

“అరుగు మీద పెట్టు. నేను తర్వాత...” అన్నది గంగమణి.

“పెట్టను. వేడి మీద తినాలె అవ్వ.” వాజిదా ఆమె పక్క నుంచే లోపలికి నడిచింది. గంగమణి ఆపలేదు.

పెద్దవ్వ లేచి కూర్చుని, కంచం ఒళ్లో పెట్టుకుని తిన్నది. పళ్లు లేని నోటితో ముక్కను అటూ ఇటూ తిప్పి, కళ్లు మూసుకుని నమిలింది. “భూమక్క చెయ్యి పడితే ఎర్ర కారం గూడ తియ్యగైతది,” అన్నది. ఇంకొంచెం వేయించుకుంది. తర్వాత తలెత్తి గుమ్మంలో నిలబడ్డ కోడల్ని చూసింది.

“నువ్వు తిన్నవా?”

“తిన్న.”

“ఏం తిన్నవే? పొద్దుటి సంది పొయ్యి ముట్టియ్యలేదు నువ్వు. నాకు చాయ గూడ పక్కింట్లకెళ్లి తెచ్చినవు. నేను చూడలేదనుకున్నవా?”

గంగమణి లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి అత్త చెయ్యి కడిగించింది, కొంగుతో తుడిచింది. వాజిదా కింది గిన్నె మూత తీసింది. బగారన్నం ఇంకా వేడిగానే ఉంది. గది నిండా ఆ వాసన.

“ఇది నీకు.”

గంగమణి ఆ గిన్నె వైపు చాలాసేపు చూసింది. బయట గల్లీలో ఎవరో మాట్లాడుకుంటూ వెళ్తున్నారు. ఆ మాటలు దగ్గరికొచ్చి ఇంటి ముందు కాసేపు ఆగినట్టే ఆగి దూరమయ్యాయి.

“తీస్కపో వాజిదా,” అన్నది గంగమణి మెల్లగా. “జెల్ది తీస్కపో.”

వాజిదా క్యారేరు మూసి వచ్చేసింది.

భూమక్క పీట మీదే ఉంది. క్యారేరు తీసుకుని బరువు చూసింది. “అవ్వ తిన్నదా?”

“రెండుసార్లు వేయించుకున్నది.”

“ఆమె?”

“తినలే. పొద్దుటి సంది పొయ్యి గూడ ముట్టియ్యలేదట.”

భూమక్క క్యారేరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “పస్తుండుమని నేనన్ననా?” అన్నది కోపంగా. మళ్లీ, “ఇంట్ల వండుకుంటనన్నది గదా, వండుకోవచ్చు గదా,” అన్నది. ఆ మాటకు కోపం చాల్లేదు. కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుని లేచింది.

“ఇగ నిప్పు తియ్యి,” అని సిద్దిరాములుకు చెప్పింది. మిగిలిన అన్నం బుట్టల్లోకి ఎత్తి వాడలో ఇంటింటికీ పంపమని సాయిలతకు చెప్పింది. కట్టెలు బయటికి లాగుతుంటే బూడిద లేచి కిరాయి గంజుల మీద పడింది.

“రేపు పొద్దుగాల ఇవి తోమి ఎల్లారెడ్డిల ఇచ్చి రావాలె,” అన్నది వాజిదా.

“ఇద్దాం. ముందు తిను. నువ్వు గూడ తినలేదు.”

భూమక్క రెండు విస్తళ్లు తెచ్చి క్యారేరు కింది గిన్నెలో అన్నాన్ని రెండు పాళ్లు చేసింది. పీటను ఇటువైపు తిప్పుకుంది. వాజిదా ఆమె పక్కన కింద కూర్చుంది. ఇద్దరూ రోడ్డు వైపు వీపు పెట్టుకుని తిన్నారు.